గాలికొండ నేలబల్లి

తెలుగువారి ఇండ్లలో బల్లి లేని ఇల్లు అరుదు. సంధ్యాదీపము వెలిగిన కొంతసేపటికి అది దూలము చాటునుండి మెల్లగా బయలుదేరి, వెలుతురునకు మూగిన పురుగులను ఒక్కొక్కదానినే పట్టి మ్రింగును. ఎవరైనను ఒక మాట అనుచుండగా గోడమీద బల్లి పలికినచో, ఆ మాట సత్యమైనట్లేనని ముసలివారు తల ఊపుదురు. ఒంటిమీద ఏ చోట పడిన ఏ ఫలమో పంచాంగకర్తలు పట్టికలు వేసి చెప్పుదురు. ఆ దోషము తొలగుటకై కంచి వరదరాజస్వామి కోవెలకు పోయి, పైకప్పునకు అమర్చిన బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వచ్చుట నేటికిని ఆచారము. సంస్కృతమున దీనికి గృహగోధిక అని పేరు. ఇంటి ఉడుము అని అర్థము. ఇల్లు లేనిదే బల్లి లేదన్నట్లుగా మన భాష, మన నమ్మకము, మన భయము అన్నియు గోడచుట్టునే తిరిగినవి.

అయితే గోడ అన్నది ఎరుగని బల్లి ఒకటి తెలుగునాట కలదు. అది దీపమునొద్దకు రాదు. ఎవరి తలమీదను పడదు. ఏలయన అది నేలను నమ్ముకొని బ్రతుకు ప్రాణి. తూర్పు కనుమలలో వేయి మీటర్లకు పైబడిన కొండతలల మీద, చెట్ల నీడలో, రాలిన ఆకుల క్రింద, రాళ్ల సందులలో దాని కాపురము. ఈ కొండలలో దక్క ప్రపంచమున మరెక్కడను అది లేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఒక్కసారి శాస్త్రజ్ఞుని కంటబడి, ఆ తరువాత నూట ముప్పది సంవత్సరములకు పైగా ఎవరికిని చిక్కక, అంతరించినదేమోయని పండితులు సందేహించుచుండిన కాలమున అది తిరిగి కనబడినది.

ఈ కథ ఒక బల్లి కథ మాత్రమే కాదు. మనము దేనినైనను "లేదు" అనునప్పుడు, నిజముగా లేకనే అనుచున్నామా, చూడకయే అనుచున్నామా అని నిలదీసి అడుగు కథ.

బయలును, నీడయును

పాడేరునుండి ముంచంగిపుట్టు పోవు త్రోవలో పెదబయలు ఉన్నది. నేడది అల్లూరి సీతారామరాజు జిల్లాలో మండల కేంద్రము. 2022 ఏప్రిల్ నెలలో ఆ జిల్లా ఏర్పడువరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. బగతలు, కొండదొరలు, కోటియాలు, పోర్జలు, వాల్మీకులు మున్నగు గిరిజనులు ఈ ప్రాంతమున నివసించుచున్నారు. ఇక్కడి సంతలలో తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా కూడ వినవచ్చును. పల్లములలో వరి, మెట్టలలో రాగి, సామ, వలిసె పండును. వలిసె పూచిన దినములలో కొండచరియలు పసుపు ఆరబోసినట్లుండును.

ఊరిపేరులోనే ఊరి రూపమున్నది. బయలు అనగా చెట్టుచేమల మరుగు లేని విశాలమైన నేల. కొండల నడుమ పరచుకొన్న పెద్ద మైదానము గనుక పెదబయలు అయినది. శీతకాలపు తెల్లవారుజామున ఇట్టి బయలును ఎత్తునుండి చూచినవారికి ఒక చిత్రమైన దృశ్యము గోచరించును. పల్లమంతయు తెల్లని పొగమంచుతో నిండి సముద్రమువలె ఉండును. కొండతలలు మాత్రము అక్కడక్కడ పైకి తేలి దీవులవలె కనబడును. ఎండ ఎక్కగానే మంచు కరగును. సముద్రమును పోవును, దీవులును పోవును. మనుష్యునికి అది కన్నుల పండువు మాత్రమే. కాని కొన్ని ప్రాణులకు ఆ దృశ్యము పగలు కూడ సత్యమే.

కొండ ఎక్కినకొలది గాలి చల్లబడును. మబ్బు తరచుగా తాకును. చెట్ల మొదళ్లకు పాచి పట్టును. నేలపై ఎండుటాకులు త్వరగా ఎండక మెత్తగా తడిగా ఉండును. ఆ తడిలో పుట్టి పెరిగిన చిన్న ప్రాణి క్రిందికి దిగి, ఎండకు మాడు బయలును దాటి, ఎదుటి కొండ ఎక్కజాలదు. దానికి బయలే సముద్రము, కొండతలయే దీవి. ప్రకృతి శాస్త్రజ్ఞులు ఇట్టి కొండతలలను ఆకాశద్వీపములని పిలుచుచున్నారు. సముద్రము నడుమనున్న దీవిలో వేరెక్కడను లేని ప్రాణులు పుట్టినట్లే, ఈ ఆకాశద్వీపములలోను పుట్టును.

పడమటి కనుమలు చాల దూరము ఒక్క గోడవలె సాగినవి. తూర్పు కనుమలు అట్లు కావు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న మున్నగు నదులు వానిని తెగగోసి ముక్కలు చేసినవి. అందువలన ఇవి కొండల వరుస అనుటకంటె కొండల గుంపులు అనుట తగును. ఈ గుంపులలో ఉన్నతమైనవి విశాఖ మన్యమున, దాని ఇరుగుపొరుగున ఉన్నవి. పాడేరు ప్రాంతమునందలి అర్మకొండ 1,680 మీటర్ల ఎత్తు కలది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో నున్న దేవమాలి 1,672 మీటర్లు. పెదబయలుకు తూర్పున, అరకులోయ దాటిన పిదప, అనంతగిరి వైపున గాలికొండ ఉన్నది. ఈశాన్యమున దేవమాలి ఉన్నది. ఈ రెండు కొండల పేర్లు గుర్తుంచుకొనవలెను.

ఒక్క సీసాలో ఒక్క ప్రాణి

రిచర్డు హెన్రీ బెడ్డోము అను ఆంగ్లేయుడు 1830లో జన్మించి, చిన్నతనముననే మద్రాసు సైన్యమున చేరెను. కత్తికంటె కొమ్మలు, ఆకులు అతని మనస్సును ఎక్కువగా ఆకర్షించినవి. మద్రాసు రాజధానిలో అటవీశాఖ ఏర్పడిన తొలిదినములలో క్లెగ్‌హారన్ అను అధికారికి సహాయకుడుగా చేరి, ఆయన తరువాత ఆ శాఖకు అధిపతియై, చాలకాలము పనిచేసెను. దక్షిణదేశపు వృక్షములను గూర్చి, పర్ణాంగములను గూర్చి అతడు వ్రాసిన గ్రంథములు ప్రసిద్ధములు. కొండకోనలలో తిరుగుచు పాములను, బల్లులను, కప్పలను సేకరించి లోకమునకు పరిచయము చేయుట అతని రెండవ వ్యసనము.

అట్లు తిరుగుచు జయపురము సంస్థానపు కొండలలో, సుమారు 4,200 అడుగుల ఎత్తున, అనగా 1,280 మీటర్ల యెత్తున, అతడొక బల్లిని పట్టెను. ఆ కొండకు "పటింగె" అని పేరు వ్రాసికొనెను. లండనులోని జంతుశాస్త్ర సంఘమువారి 1877వ సంవత్సరపు సంపుటమున దాని వర్ణన వెలువడినది. దొరికిన చోటును బట్టి అతడు దానికి జేపోరెన్సిస్ అని పేరు పెట్టెను. ఆ ఒక్క ప్రాణియే బ్రిటిషు మ్యూజియమునకు చేరి, సారాయములో నిలువయుండెను. శాస్త్రలోకమునకు ఆ జాతి అనగా ఆ ఒక్క సీసా.

ఈ పేరు విని కొందరు రాజస్థానములోని జయపురమని పొరబడుదురు. ఇది మన పొరుగున కోరాపుట్ జిల్లాలోనున్న జయపురము. మరియొక విశేషము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు జయపురము సంస్థానము మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో అంతర్భాగమే. కావున బెడ్డోము బల్లి పట్టిన నాటికి అది విశాఖపట్టణము జిల్లా బల్లియే. మనుష్యులు గీసిన సరిహద్దులు తరువాత దానిమీదుగా సాగినవి. బల్లి మాత్రము తన నీడను విడువలేదు.

బెడ్డోము తరువాత నిశ్శబ్దము ఆవరించినది. 1935లో మాల్కం స్మిత్తు భారతదేశపు బల్లులను గూర్చి బృహద్గ్రంథము వెలువరించినప్పుడు ఈ జాతిని కూడ చేర్చెను. చేర్చుటకు ఆధారము ఆ పాత నమూనాయే. పుస్తకమునుండి పుస్తకమునకు పేరు ప్రయాణము చేసినది. ప్రాణి మాత్రము మరల ఎవరికిని దొరకలేదు.

దొరకకపోవుటకు కారణములు లేకపోలేదు. మొదటిది, పటింగె అను కొండ ఎక్కడున్నదో తరువాతివారికి సరిగా తెలియకపోవుట. ఆంగ్లేయుడు తన చెవికి విననైనట్లు వ్రాసిన పేరు అది. కోరాపుట్ జిల్లాలో దేవమాలికి సమీపమున పొట్టంగి అను ఊరు కలదు. ఆ పేరును ఈ పేరును ప్రక్కప్రక్కన పెట్టి ఉచ్చరించినచో పోలిక తోచకమానదు. రెండవది, ఆ ప్రాణి రాత్రించరము. ఆకులలో ఆకువలె అణగియుండునది. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. పరిశోధకుల చూపు చిరకాలము పడమటి కనుమలమీదనే నిలిచినది. తూర్పు కనుమలకు పోయి, కొండ ఎక్కి, రాత్రివేళ దీపము పట్టుకొని, నేలమీది ఆకులను కదిపి చూచినవారు బహు కొద్దిమంది.

తిరిగి కనబడుట

2010, 2011 సంవత్సరములలో కొందరు పరిశోధకులు ఆ పని చేసిరి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన ఈశాన్ అగర్వాల్, అనిరుద్ధ దత్తరాయ్, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన వరద్ గిరి, అమెరికాలో ఆచార్యుడైన ఆరన్ బావర్ కలిసి ఈ అన్వేషణ ఫలితమును 2012లో ప్రకటించిరి. ఒడిశాలోని దేవమాలి వైపునను, ఆంధ్రదేశమున గాలికొండమీదను ఆ బల్లి సజీవముగా ఉన్నట్లు తేలినది. సారాయపు సీసాలో రంగు వెలిసిపోయిన దేహముగా మాత్రమే శాస్త్రమెరిగిన ప్రాణి, నారింజవన్నె కలిసిన గోధుమరంగు మేనితో, దానిపై ముదురు గోధుమవన్నె మచ్చలతో ప్రత్యక్షమైనది. వీపుమీది పొలుసులు పెద్దవై, పలకలు పేర్చినట్లు క్రమముగా ఉండుట ఈ జాతికి ప్రత్యేక లక్షణము. బెడ్డోము తన వర్ణనలో చెప్పిన ప్రాణి ఇదియేయని గుర్తించుటకు ఆ పొలుసులు తోడ్పడినవి.

దీని పాదములను పరీక్షించినచో జీవనరహస్యము బోధపడును. ఇంటిబల్లి వేళ్ల అడుగున అడ్డముగా పొరలుండును. ఆ పొరలమీద కంటికి కానరాని సూక్ష్మమైన నూగు ఉండును. గోడను తాకినప్పుడు ఆ నూగునకును గోడకును నడుమ అణువుల ఆకర్షణ ఏర్పడి బల్లిని నిలుపును. జిగురు లేదు, గాలి పీల్చుట లేదు. నున్నని అద్దముమీదను అది తలక్రిందులుగ నడచుటకు ఇదియే కారణము. నేలబల్లికి ఆ మెత్తలు లేవు. దాని వేళ్లు సన్నవి. కొంచెము వంగి, కొనలయందు గోళ్లు కలవి. ఆకులమీద, రాళ్లమీద, వేళ్ల నడుమ నడచుటకు అవి చాలును. గోడ ఎక్కుటకు చాలవు. ఒకనికి కొబ్బరిచెట్టు ఎక్కు విద్య, మరియొకనికి బురదలో నడచు విద్య వచ్చినట్లు, ఒకే కులమున పుట్టిన రెండు బల్లులకు రెండు విద్యలు అబ్బినవి.

బల్లికి కనురెప్పలు లేవు. కంటిమీద పారదర్శకమైన పొర ఒకటి కప్పియుండును. దుమ్ము పడినచో నాలుకతో తుడుచుకొనును. పగటివేళ నిలువు గీతవలె సన్నబడు కంటిపాప చీకటి పడగానే విశాలమగును. ప్రమాదము వచ్చినప్పుడు తోకను తెంచి పడవేసి పారిపోవును. ఈ లక్షణములన్నియు ఇంటిబల్లికి, నేలబల్లికి సమానమే. విషము లేకుండుట కూడ సమానమే. మనదేశపు బల్లులలో ఒక్కదానికిని విషగ్రంథులు లేవు. బల్లిని చూచి భయపడు పిల్లవానికి ఉపాధ్యాయుడు మొట్టమొదట చెప్పవలసిన మాట ఇది.

లంకలోని చుట్టములు

ఈ జాతిని పూర్వము గెకోయెల్లా అను వంశమున చేర్చియుండిరి. జన్యుపరీక్షలు జరిగిన పిమ్మట, ఆ వంశము సిర్టోడాక్టిలస్ అను మహావంశములో ఒక శాఖయని తేలినది. ఆసియాఖండమున విస్తరించిన ఆ మహావంశమున నేడు మూడువందలకు పైగా జాతులు లెక్కకు వచ్చినవి. అందులో నేలనే నమ్ముకొని శాఖోపశాఖలైన తెగ ఇదియొక్కటే. ఈ తెగ కాపురము ద్వీపకల్ప భారతమునందును, సింహళ ద్వీపమునందును మాత్రమే. 2016లో ఇదే తెగకు చెందిన మరియొక జాతి రాయలసీమలోని రిషివ్యాలీ పేరుమీద వర్ణింపబడినది.

సింహళములోని అడవిబల్లులను గూర్చి లోకమునకు ఆశ్చర్యమెక్కువ. సముద్రము చుట్టునున్న దీవిలో వేరెక్కడను లేని ప్రాణులుండుట కథవలె వినబడును. అయితే దాని చుట్టములలో ఒకటి విశాఖ మన్యమున, నీరు లేని దీవిలో, అంతే ఒంటరిగా ఉన్నదని ఎంతమందికి తెలియును? హిమయుగములలో సముద్రమట్టము నూరు మీటర్లకు పైగా తగ్గినప్పుడు సింహళము మన గడ్డతో కలిసి ఒకే భూమిగా ఉండెను. నేల కలిసినంతమాత్రమున అడవిప్రాణులన్నియు అటునిటు తిరుగలేదు. నీడ ఉన్నంతవరకే వాని రాకపోకలు. నీరు వచ్చి విడదీసినట్లే ఎండయు విడదీయును. సింహళపు బల్లిని నీరు వేరుచేసినది; గాలికొండ బల్లిని బయలు వేరుచేసినది.

తిరుమల కొండలలోని బంగారు బల్లి కథ కూడ దీనికి తోబుట్టువే. దానిని కూడ బెడ్డోమే 1870లో తిరుపతి కొండలనుండి లోకమునకు తెలిపెను. అదియు చిరకాలము మరుగునపడి, 1986లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి ప్రకటనతో తిరిగి వెలుగులోనికి వచ్చినది. తరువాత పాపికొండలలోను కనబడినది. దానికి లోకమున తోబుట్టువు ఒక్కటియే. అది సింహళమున ఉన్నది. దానిని 1953లో దెరణియగల అను సింహళ పండితుడు వర్ణించెను. ఆ సంవత్సరమే, 1986లోనే, కడపజిల్లాలో కలివికోడి మరల కనబడుట తెలుగు పాఠకులు మరువని విషయము. విశాఖపట్టణము చేరువ కొండలలో బెడ్డోము 1870లో వర్ణించిన కాళ్లులేని నలికండ్లపాము వంటి ప్రాణియొకటి నూరేండ్లకు పైగా కనబడక, మరల కనబడినట్లు 2013లో ప్రకటింపబడినది. ఇన్ని ప్రాణులు ఒకే కనుమలలో ఇట్లు మరుగుపడి మరల బయటపడుటలో ఒక పాఠమున్నది. మరుగుపడినవి ప్రాణులు కావు. మరుగుపడినది మన దృష్టి.

ఎండుటాకుల విలువ

చూడక పోగొట్టుకొన్నది తిరిగి దొరకవచ్చును. చూచిన పిమ్మట పోగొట్టుకొన్నది దొరకదు. నేలబల్లికి నేడున్న అపాయము ఈ రెండవది.

దాని బ్రతుకునకు కావలసినవి మూడే: ఎత్తు, నీడ, ఎండుటాకుల తడినేల. ఎత్తును ఎవరును తీసివేయలేరని అనుకొనవచ్చును. కాని ఈ కొండల శిరస్సులమీద బాక్సైటు నిక్షేపములున్నవి. లక్షలకొలది సంవత్సరములు వానకు తడిసి, ఎండకు మాగి ఖోండలైటు రాయి మారగా ఏర్పడిన మన్ను అది. ఆ రాతికి ఖోండు గిరిజనుల పేరే పెట్టియున్నారు. అల్యూమినియమునకు ముడిసరుకైన ఆ మన్ను గాలికొండ, రక్తికొండ, చిత్తంగొంది మున్నగు కొండలమీద టోపీవలె పరచుకొనియున్నది. దానిని త్రవ్వుట అనగా దీవిని అట్లే ఎత్తివేయుట. కోరాపుట్ జిల్లాలోని పంచపట్మాలి కొండమీద పెద్దయెత్తున త్రవ్వకము సాగుచున్నది. విశాఖ మన్యమున గిరిజనుల ప్రతిఘటన తీవ్రమైనది. అనంతగిరి మండలములోని బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లను గూర్చి సమత అను సంస్థ పోరాడగా, 1997లో సుప్రీంకోర్టు చారిత్రకమైన తీర్పు ఇచ్చెను. షెడ్యూలు ప్రాంతములలోని భూమిని గిరిజనేతరులకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదని దాని సారాంశము. విశాఖ మన్యమున బాక్సైటు త్రవ్వకములు జరుపబోమని 2019లో రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించెను. ఆ పోరాటము భూమికొరకు, నీటికొరకు, మనుష్యుల మనుగడకొరకు జరిగినది. బల్లి పేరు అందులో ఎవరును ఎత్తలేదు. అయినను ఊటలు పుట్టు కొండతలను కాపాడినవారు, తమకు తెలియకయే, ఆ తలపైనున్న మూగప్రాణికి కూడ నిలువనీడ నిలిపిరి.

రెండవది నీడ. పోడు కొట్టుట కొండవారి పాత సేద్యపద్ధతి. జనము తక్కువగాను, అడవి ఎక్కువగాను ఉన్నకాలమున ఒకచోట నరికి కాల్చి, పండించుకొని, కొన్నియేండ్లు దానిని విడిచిపెట్టువారు. అడవి తిరిగి పెరుగుచుండెను. విడిచిపెట్టు గడువు తగ్గినకొలది అడవికి కోలుకొను సమయము చిక్కుట లేదు. అయితే తప్పంతయు పోడుమీద త్రోసివేయుట న్యాయము కాదు. రోడ్లు, జలాశయములు, కలపకొరకు జరిగిన నరకుడు, యాత్రికుల రద్దీ, ఇవియన్నియు కొండనీడను ఎంతోకొంత కొరికినవే.

ఇందులో కాఫీతోట పాత్ర ఆలోచింపదగినది. పాడేరు, అరకు ప్రాంతములలో గిరిజన రైతులు నీడచెట్ల క్రింద కాఫీ పెంచుచున్నారు. ఆ చెట్లకు మిరియపు తీగెలు ప్రాకింతురు. అరకులోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. తోట అడవి కాదు, నిజమే. ఆస్ట్రేలియానుండి వచ్చిన సిల్వరు ఓకు చెట్లు ఒకే వరుసలో నిలిచినచోట పాత అడవి వైవిధ్యముండదు. కాని ఎండకు విప్పివేసిన బయలుకును, చీకటి అడవికిని నడుమ నీడతోట ఒక మెట్టు. పాత చెట్లను కొన్నిటిని నిలిపి, రాలిన ఆకులను ఊడ్చి కాల్చక నేలమీదనే మాగనిచ్చు రైతు, తన మొక్కలకు ఎరువు సంపాదించుకొనుచునే నేలమీది ప్రాణులకు పైకప్పు వేయుచున్నాడు.

మూడవది ఎండుటాకు. లోకమున దీనికున్నంత చిన్నచూపు మరి దేనికిని లేదు. పనికిమాలినదానిని ఆకుచెత్త అందుము. వేసవి వచ్చినచో అగ్గిపుల్ల గీసి అంటింతుము. కాని అడవికి ఎండుటాకులే ధాన్యపుకొట్టు. వానిలో బూజు పుట్టును. బూజును తిని పురుగులు బ్రతుకును. పురుగులను తిని బల్లి బ్రతుకును. బల్లిని తిని పాము, పక్షి బ్రతుకును. వాన పడినప్పుడు నీటిని పట్టి ఊటగా దింపునది కూడ ఆ ఆకుల పరుపే. కొండమీద ఆకు కాలినచో క్రింది గెడ్డలో నీరు తగ్గును. మత్స్యగెడ్డ ఒడ్డున వరి నాటు రైతునకును, కొండతలమీది బల్లికిని సంబంధమేమని అడిగినచో, ఆ సంబంధము ఎండుటాకు అని చెప్పవచ్చును.

పాఠశాల చేయదగిన పని

ఈ బల్లి వలన మనుష్యునికి ప్రయోజనమేమి అని అడుగువారుందురు. దానితో ఔషధము చేయరు. అది పంటను పెంచదు. ఒక్క ప్రయోజనము మాత్రము చెప్పవచ్చును. కొండ ఆరోగ్యమును అది నోరువిప్పకయే చెప్పును. అది ఉన్నచోట నీడయు, తడియు, పురుగులును ఉన్నట్లు. అది లేకపోయినచో వీనిలో ఏదో తప్పినట్లు. వైద్యుడు నాడి చూచునట్లు అడవి నాడి చూచుటకు ఇట్టి చిన్నప్రాణులే ఆధారములు. ఇంతకుమించిన కారణము కూడ కలదు. అనేక లక్షల సంవత్సరముల పరిణామమున ఒక్కచోట మాత్రమే రూపొందినదానిని ఒక్క తరములో తుడిచివేయుటకు మనకెవరును అధికారమియ్యలేదు.

మన్యమునందలి పాఠశాలలకు ఇందులో ప్రత్యేకమైన పాత్ర ఉన్నది. పట్టణపు విద్యార్థి బొమ్మలో చూచు అడవి, పెదబయలు విద్యార్థికి బడి వెనుకనే ఉన్నది. అతని తాత అడవిలో తిరిగి ఎరిగిన ప్రాణులకు, చెట్లకు, పురుగులకు అతని భాషలో పేర్లుండును. ఆ పేర్లను అడిగి వ్రాసికొనుట పాఠములలో ఒక పాఠముగ పెట్టవచ్చును. గిడుగు రామమూర్తిపంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, సవరల భాషను వారినుండియే నేర్చి, దానికి నిఘంటువును, వ్యాకరణమును సమకూర్చెను. పండితుడు కొండవారి ఎదుట శిష్యుడుగా కూర్చున్న ఆ దృశ్యము తెలుగు ఉపాధ్యాయులకు ఎల్లకాలము ఆదర్శము. భాష విషయమున ఆయన చేసినది, అడవి విషయమున నేటి ఉపాధ్యాయులు చేయవచ్చును.

అయితే ఒక హెచ్చరిక. చూచుట వేరు, పట్టుట వేరు. నేలబల్లిని వెదకుటకై రాళ్లను తలక్రిందులు చేసి వదలినచో దాని ఇల్లు కూల్చినట్లే. ఎత్తిన రాతిని ఎత్తినట్లే తిరిగి పెట్టవలెను; పట్టుకొని సీసాలో వేయరాదు. బెడ్డోము కాలమున సీసా లేనిదే శాస్త్రము సాగలేదు. నేడు ఛాయాచిత్రము, చోటును తేదీని వ్రాసిన నోటుపుస్తకము ఉన్నవి. విద్యార్థికి అవి చాలును.

గాలికొండమీద చీకటి పడగానే యాత్రికులు దిగిపోవుదురు. లోయలో దీపములు వెలుగును. ప్రతి ఇంటి గోడమీద ఒక బల్లి పురుగులకై కాచుకొనును. అదే సమయమున ఎత్తున, దీపమెరుగని నీడలో, ఎండుటాకు ఒకటి కదలును. దాని క్రిందినుండి వేలెడంత ప్రాణి తల ఎత్తి, నాలుకతో కన్ను తుడుచుకొని, తన రాత్రి పనికి బయలుదేరును. అది శకునము చెప్పదు. మన మాట సత్యమని పలుకదు. నూట ముప్పది యేండ్లు మనము దానిని "లేదు" అనుకొన్నప్పుడును అది ఇట్లే ప్రతిరాత్రి బయలుదేరినది. ఇకమీదట "లేదు" అను మాట మన నోట వచ్చునప్పుడు, అది చూచి చెప్పిన మాట కావలెను. మన చేతులతో చేసిన మాట కారాదు.